పాత లీనియర్‌లో ఖరీదైన గ్లాసు ట్యూబుల బదులు జిఐ-7బి: మార్పు ఎలా చేయాలి

హ్యామ్ రేడియో సెట్ (రిగ్) ఇచ్చే పవర్‌ను పెంచే పాత లీనియర్ యాంప్లిఫయర్ ఒకటి చేతికొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది, ట్యూనింగ్ కండెన్సర్లు బాగున్నాయి, ట్యూబులు మాత్రం నీరసించిపోయాయి. కొత్త జత ధర కనుక్కుంటే, మొత్తం యాంప్లిఫయర్‌కు పెట్టిన డబ్బుకు దగ్గరగా ఉంది. దాన్ని అటక ఎక్కించే ముందు ఈ దారి చూడండి. 3-500జెడ్ లేదా 572బి లాంటి గ్లాసు ట్యూబులు తీసేసి, వాటి స్థానంలో సోవియట్ కాలంలో తయారైన జిఐ-7బి అనే మెటల్-సిరామిక్ ట్రయోడ్ (ప్లేట్, గ్రిడ్, క్యాథోడ్ ఉండే ట్యూబు) పెట్టుకోవచ్చు. మిలిటరీ నిల్వల నుంచి బయటికొచ్చిన ఈ ట్యూబులు చాలా చౌక. పని తేలికే, కానీ పాతది పీకి కొత్తది గుచ్చితే అయ్యే పని కాదు. సాకెట్, హీటర్ సప్లై, బయాస్ (ఇన్‌పుట్ సిగ్నల్, అంటే డ్రైవ్, లేనప్పుడు ట్యూబు కరెంట్‌ను అదుపులో ఉంచే వోల్టేజ్), గాలి నాలుగూ మారాలి.

ఒక విషయం ముందే చెప్పాలి. ట్యూబు మారినంత మాత్రాన పవర్ పెరగదు. పాత యాంప్లిఫయర్ ఎంత ఇవ్వగలదో తేల్చేది దాని ట్రాన్స్‌ఫార్మర్. హీత్‌కిట్ కంపెనీ పాత లీనియర్లలో ఎస్‌బి-200 అయినా, ఎస్‌బి-220 అయినా ఇంతకుముందు ఎంత ఇచ్చిందో ఇప్పుడూ అంతే ఇస్తుందని మనసులో పెట్టుకుని మొదలుపెట్టండి. ఎక్కువ ఆశపడితే మొదట కాలేది ట్యూబు కాదు, ట్రాన్స్‌ఫార్మర్. అది దొరకడం ట్యూబు దొరకడం కంటే కష్టం.

మీ యాంప్లిఫయర్‌కు ఇది కుదురుతుందా

జిఐ-7బి పేరులోని జిఐ అంటే పల్స్ పనికి చేసిన జనరేటర్ ట్యూబు. చివరి బి అక్షరం ఫ్యాన్ గాలితో చల్లబరచాలని చెబుతుంది. పల్స్‌లో 9,000 వోల్టుల దాకా తట్టుకునేలా చేశారు. అయితే మన లాంటి నిరంతర వాడకానికి డేటాషీట్ ఇచ్చిన హద్దు 2,500 వోల్టులు. ప్లేట్ డిసిపేషన్ (ప్లేట్ వేడిగా భరించగల పవర్) 350 వాట్లు, గ్రిడ్ డిసిపేషన్ 7 వాట్లు. హీటర్‌కు 12.6 వోల్టులు, ఒక్కో ట్యూబుకు సుమారు 2 ఆంపియర్లు.

ఎస్‌బి-200లో లోడ్ లేనప్పుడు హై వోల్టేజ్ సుమారు 2,400 ఉంటుంది, కాబట్టి హద్దులోనే ఉన్నట్టు. అందులో ఉండే 572బి ఒక్కోటి 160 వాట్ల ట్యూబు, దాని బదులు 350 వాట్లది వస్తోంది కాబట్టి ఊపిరి పీల్చుకునే చోటు బాగా ఉంటుంది. 3-500జెడ్‌లు ఉండే ఎస్‌బి-220 సంగతి వేరు. దానిలో స్విచ్ ఎస్‌ఎస్‌బి (మాట) స్థానంలో ఉంటే 3,000 వోల్టుల దాకా వస్తుంది. చాలామంది ఆ వోల్టేజీలోనే నడుపుతున్నారు, ట్యూబులు నిలబడుతున్నాయి కూడా. నా సలహా మాత్రం స్విచ్‌ను సీడబ్ల్యు (మోర్స్)/ట్యూన్ వైపే ఉంచి, అక్కడ వోల్టేజ్ 2,500 లోపు ఉందో లేదో కొలిచి వాడమనే. అవతలి స్టేషన్ మీటరు మీద ఆ తేడా కనిపించీ కనిపించనట్టు ఉంటుంది.

811ఎ ట్యూబు 572బి సాకెట్‌లోనే కూర్చుంటుంది, ఫిలమెంట్ కూడా అదే 6.3 వోల్టులు, 4 ఆంపియర్లు. మరి ఇంత శ్రమ ఎందుకు, అదే పెట్టేద్దాం అనిపించవచ్చు. దాని ప్లేట్ వోల్టేజ్ హద్దు 1,500. 2,400 వోల్టుల యాంప్లిఫయర్‌లో పెట్టకండి.

ముందు ప్రాణం సంగతి

ఎస్‌బి-220లో 200 మైక్రోఫారడ్ల కండెన్సర్లు ఎనిమిది వరుసగా ఉంటాయి, అంటే మొత్తం 25 మైక్రోఫారడ్లు. 3,000 వోల్టుల దగ్గర అందులో నిలవుండే శక్తి 110 జౌళ్లు దాటుతుంది. మనిషి గుండె ఆగడానికి అంత అక్కర్లేదు. ఈ పనిలో రెండో అవకాశం ఉండదు, అందుకే పద్ధతి తప్పొద్దు.

ప్లగ్ పీకండి. స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోతుందనుకోకండి. ప్యానెల్ మీటరు సున్నాకు దిగిందాకా ఆగండి, కానీ ఆ మీటరును నమ్మకండి. కండెన్సర్లను ఖాళీ చేసే పాత బ్లీడర్ రెసిస్టర్లలో ఒకటి తెగి ఉంటే ఛార్జ్ అలాగే కూర్చుంటుంది. పొడవాటి ఇన్సులేటెడ్ కర్ర చివర కొక్కెం, కొక్కెం నుంచి కొన్ని కిలో ఓంల పెద్ద వాటేజీ రెసిస్టర్, అక్కడి నుంచి ఛాసిస్‌కు (లోహపు చట్రానికి) క్లిప్ ఉన్న మందమైన వైరు: ఇదే మీ డిశ్చార్జ్ కర్ర. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో కర్ర పట్టుకుని హై వోల్టేజ్ లైనుకు ఆనించండి. తర్వాత హై వోల్టేజ్ ప్రోబ్‌తో సున్నా అని చూసుకోండి. ఆపైన నేరుగా ఒక క్లిప్ వైరుతో హై వోల్టేజ్ లైనును ఛాసిస్‌కు కలిపి, పని అయ్యేదాకా అలాగే వదిలేయండి. మళ్లీ పవర్ ఇచ్చే ముందు ఆ క్లిప్ తీయాలి కాబట్టి, దానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంచితే మరిచిపోరు.

కండెన్సర్లు దశాబ్దాల నాటివైతే ఇప్పుడే మార్చేయండి. బ్లీడర్లూ మార్చండి. వీటిని పాతవిగానే వదిలేసి ట్యూబుల మీద శ్రమ పెట్టడం దండగ.

గ్రిడ్ ప్లేటు

ఈ మార్పులో అసలైన పనితనం ఇక్కడ చూపాలి. జిఐ-7బికి గ్లాసు ట్యూబులా పిన్నులు ఉండవు. పైన రెక్కల రేడియేటర్‌తో ప్లేట్, నడుమ గ్రిడ్ రింగు, దాని కింద క్యాథోడ్ గొట్టం, గొట్టం లోపల హీటర్ రెండో కొన. క్యాథోడ్, హీటర్ ఒక కొన లోపలే కలిసి ఉంటాయి. మల్టీమీటరుతో ఒకసారి చూసుకోండి: కింది రెండు కొనల మధ్య చాలా తక్కువ ఓంలు చూపాలి, గ్రిడ్ రింగు నుంచి మిగతా దేనికీ ఏమీ చూపకూడదు. గ్రిడ్ నుంచి క్యాథోడ్‌కు రెసిస్టెన్స్ చూపిస్తే ఆ ట్యూబును పక్కన పెట్టండి.

పాత సిరామిక్ సాకెట్లు విప్పేయండి. సాకెట్ రంధ్రాన్ని కప్పేంత రాగి లేదా ఇత్తడి రేకు, కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంది తీసుకోండి. అందులో ట్యూబు కింది భాగం దిగేలా, గ్రిడ్ రింగు మాత్రం రేకు మీద కూర్చునేలా రంధ్రం చేయాలి. కొలత వేరే చోటు నుంచి తీసుకోకుండా, మీ చేతిలో ఉన్న ట్యూబునే వెర్నియర్‌తో కొలవండి. పైన ఇంకో రింగు ముక్క పెట్టి నాలుగు స్క్రూలతో బిగిస్తే గ్రిడ్ చుట్టూతా ఛాసిస్‌ను పట్టుకుంటుంది. బిగించేటప్పుడు ఒక్కో స్క్రూ పూర్తిగా తిప్పకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా తిప్పుతూ రండి. ఒకవైపే లాగితే సిరామిక్ పగులుతుంది. రేకు కింద ఛాసిస్ మీద పెయింటు ఉంటే లోహం మెరిసేదాకా గీకండి. సిరామిక్‌ను మాత్రం ఆకురాయితో గానీ సాండ్ పేపర్‌తో గానీ రుద్దొద్దు. కొన్ని రకాల సిరామిక్ ట్యూబుల్లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు విషం. ఏ సిరామిక్ ట్యూబుతోనైనా ఇదే అలవాటు మంచిది.

గ్రిడ్ ఇంత గట్టిగా గ్రౌండ్ కావాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. జిఐ-7బి వందల మెగాహెర్ట్‌జ్‌ల దాకా పనిచేసే ట్యూబు. గ్రిడ్ నుంచి ఛాసిస్‌కు సన్నటి వైరు ముక్క పెడితే, దాని ఇండక్టెన్స్ చాలు, ట్యూబు తనంతట తాను విహెచ్ఎఫ్‌లో ఊగిపోతుంది, అంటే ఆసిలేట్ అవుతుంది. కొన్ని పాత యాంప్లిఫయర్లలో గ్రిడ్‌ను చిన్న కండెన్సర్ల ద్వారా గ్రౌండ్ చేసి, చోక్ గుండానో రెసిస్టర్ గుండానో బయాస్ ఇస్తారు. ఆ భాగాలన్నీ తీసేయండి. ఇకమీదట గ్రిడ్ నేరుగా ఛాసిసే, బయాస్ క్యాథోడ్ వైపు.

హీటర్ సప్లై

రెండు ట్యూబులు సమాంతరంగా, అంటే 12.6 వోల్టులు, 4 ఆంపియర్లు. వీటిని సిరీస్‌లో కలపడం కుదరదు. క్యాథోడ్ హీటర్‌కు అతికి ఉంది కదా, సిరీస్‌లో పెడితే రెండు క్యాథోడ్లు వేర్వేరు వోల్టేజీల్లో ఉంటాయి. విడిగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడమే మంచి దారి. కాస్త ఎక్కువ కెపాసిటీది, 5 ఆంపియర్లది తీసుకోండి. పాత ఫిలమెంట్ వైండింగ్ కొనలను విడివిడిగా ఇన్సులేట్ చేసి పక్కకు కట్టేయండి. రెండు 3-500జెడ్‌లు 5 వోల్టుల దగ్గర 29 ఆంపియర్ల దాకా, అంటే సుమారు 145 వాట్లు ఫిలమెంట్‌కే తాగేవి. ఇప్పుడు 50 వాట్లు చాలు. పెట్టె లోపల వేడి ఆ మేరకు తగ్గుతుంది.

పాత ఫిలమెంట్ చోక్‌ను (ఫిలమెంట్ వైర్ల గుండా రేడియో సిగ్నల్ పోకుండా ఆపే కాయిల్‌ను) అలాగే వాడుకోండి. 30 ఆంపియర్లకు చుట్టిన చోక్‌కు 4 ఆంపియర్లు లెక్కే కాదు. చోక్ నుంచి వచ్చే రెండు వైర్లలో ఏది క్యాథోడ్ గొట్టానికి వెళ్తోందో గుర్తుపెట్టుకోండి, రెండు ట్యూబులకూ అదే వరస ఉండాలి. డ్రైవ్ వచ్చే కప్లింగ్ కండెన్సర్‌ను ఆ క్యాథోడ్ కొనకు కలపండి. హీటర్ రెండు కొనల మధ్య 0.01 మైక్రోఫారడ్ కండెన్సర్ ఒకటి ట్యూబు దగ్గరే పెట్టండి.

వోల్టేజ్ కొలవాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాదు, ట్యూబు కొనల దగ్గర, ట్యూబు వేడెక్కాక. 12.6కు అయిదు శాతం అటూ ఇటూ పర్వాలేదు. ఎక్కువైతే ప్రైమరీలో చిన్న రెసిస్టర్ పెట్టి దించండి.

ఇక టైమర్. 3-500జెడ్, 572బి రెండూ స్విచ్ వేయగానే సిద్ధమయ్యే ఫిలమెంట్ ట్యూబులు. జిఐ-7బిది ఆక్సైడ్ క్యాథోడ్, నిదానంగా వేడెక్కుతుంది. చల్లగా ఉన్న క్యాథోడ్ మీద డ్రైవ్ ఇస్తే పూత ఊడుతుంది, ట్యూబు జీవితం అక్కడికక్కడే తరిగిపోతుంది. కాబట్టి హీటర్ వెలిగాక మూడు నిమిషాల పాటు ట్రాన్స్‌మిట్ రిలే పడకుండా ఆపే డిలే సర్క్యూట్ తప్పనిసరి. "నేను గుర్తుపెట్టుకుని ఆగుతాలే" అనుకోవద్దు. అరుదైన స్టేషన్ ఒకటి వినిపించిన క్షణంలో ఎవరూ ఆగరు.

బయాస్

ఎస్‌బి-220లో 5.1 వోల్టుల జీనర్ (వోల్టేజ్‌ను స్థిరంగా ఉంచే డయోడ్) ఒకటి క్యాథోడ్ దారిలో ఉంటుంది. జిఐ-7బికి అది చాలదు. 2,000 నుంచి 2,500 వోల్టుల ప్లేట్ వోల్టేజీకి 15 నుంచి 25 వోల్టుల మధ్య బయాస్ అవసరం పడుతుంది. ట్యూబుకూ ట్యూబుకూ తేడా ఉంటుంది కాబట్టి అంకె పట్టుకుని కూర్చోకుండా, ఐడిల్ కరెంట్ (డ్రైవ్ లేనప్పుడు పారేది) చూసి సర్దుకోవాలి.

స్థిరమైన పెద్ద జీనర్ కంటే, డార్లింగ్టన్ పవర్ ట్రాన్సిస్టర్‌తో సర్దుబాటు చేసుకునే షంట్ రెగ్యులేటర్ నయం. కలెక్టర్ క్యాథోడ్ వైపు, ఎమిటర్ రిటర్న్ (హై వోల్టేజ్ సప్లై మైనస్) వైపు, బేస్‌కు చిన్న జీనర్, ప్రీసెట్ ద్వారా కరెంట్. దీన్ని చిన్నచూపు చూడొద్దు: 20 వోల్టుల మీద అర ఆంపియర్ పారితే 10 వాట్ల వేడి ఆ ట్రాన్సిస్టర్‌లోనే పుడుతుంది. మైకా వాషర్ పెట్టి మంచి హీట్‌సింక్‌కు బిగించండి. స్టాండ్‌బైలో ట్యూబులు పూర్తిగా ఆగిపోవడానికి ఈ దారిలో 47 కిలో ఓంల రెసిస్టర్ వేసి, ట్రాన్స్‌మిట్‌లో రిలే కాంటాక్ట్ దాన్ని షార్ట్ చేసేలా అమర్చండి. అదే దారిలో 1 ఆంపియర్ ఫ్యూజు పెడితే ఏదైనా తేడా వచ్చినప్పుడు మీటరు బతుకుతుంది. ఫ్యూజు పోతే క్యాథోడ్ గాల్లో వేలాడకుండా, దాని నుంచి రిటర్న్‌కు ఇంకో 47 కిలో ఓంల రెసిస్టర్‌ను శాశ్వతంగా ఉంచండి.

క్యాథోడ్లు హీటర్ ద్వారా కలిసే ఉంటాయి కాబట్టి ఒక్కో ట్యూబుకు వేరే బయాస్ ఇవ్వాలంటే వేరే హీటర్ వైండింగ్ కావాలి. అంతకంటే ట్యూబులను జత చూసుకోవడం తేలిక. ట్యూబులు చౌక కదా, రెండు కొనే చోట నాలుగైదు కొనండి. ఒక్కోదాన్ని ఒంటరిగా పెట్టి, ఒకే బయాస్ మీద, ఒకే ప్లేట్ వోల్టేజ్ మీద ఐడిల్ కరెంట్ ఎంతో రాసుకోండి. దగ్గర దగ్గరగా వచ్చిన రెండింటినీ జత చేయండి. మిగిలినవి స్పేర్లు. పది, పదిహేను శాతం తేడా ఉన్నా నడుస్తుంది. ఒకటి ఇరవై మిల్లీఆంపియర్లు, ఇంకోటి అరవై లాగితే మాత్రం ఆ జత వద్దు.

ప్లేట్ వైపు, గాలి

సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే పై-నెట్‌వర్క్ (ట్యూన్, లోడ్ కండెన్సర్లు, కాయిల్ ఉండే అవుట్‌పుట్ సర్క్యూట్) జోలికి దాదాపు పోనక్కర్లేదు. ప్లేట్ వోల్టేజ్, కరెంట్ మారలేదు కాబట్టి లోడ్ ఇంపెడెన్స్ మారదు. జిఐ-7బిలో గ్రిడ్-ప్లేట్ కెపాసిటెన్స్ 4.5 పికోఫారడ్ల ప్రాంతంలో ఉంటుంది, 3-500జెడ్‌దీ అంతే. 10 మీటర్ల బ్యాండులో కూడా ట్యూన్ నాబు పాత గుర్తుకు దగ్గరలోనే ఆగుతుంది.

మారేదల్లా కనెక్షన్. రేడియేటర్ చుట్టూ పలుచటి రాగి పట్టీ బిగించి, దాని నుంచి పారసిటిక్ సప్రెసర్ (అనవసర ఆసిలేషన్‌ను అణిచేది), అక్కడి నుంచి ప్లేట్ చోక్ పైకొన. సప్రెసర్‌కు 50 నుంచి 100 ఓంల మధ్య నాన్-ఇండక్టివ్ రెసిస్టర్, దాని చుట్టూ రెండు మూడు చుట్లు. వైర్‌వౌండ్ రెసిస్టర్ ఇక్కడ పనికిరాదు. హై వోల్టేజ్ లైనులో మాత్రం 25 నుంచి 50 ఓంల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి పెట్టండి. ట్యూబు లోపల ఎప్పుడైనా ఫ్లాష్ వస్తే కండెన్సర్ బ్యాంకు మొత్తం ఒక్కసారిగా దాని మీద పడకుండా ఆపేది ఇదే: 2,500 వోల్టుల దగ్గర 50 ఓంలు ఉంటే కరెంట్ 50 ఆంపియర్లు మించదు.

గ్లాసు ట్యూబులో హై వోల్టేజ్ పైన టోపీ దగ్గరే ఉండేది. ఇప్పుడు రేడియేటర్ మొత్తం హై వోల్టేజే. ఆర్‌ఎఫ్‌తో (రేడియో సిగ్నల్‌తో) కలిపి అక్కడి పీక్ సప్లై వోల్టేజీకి రెట్టింపు దగ్గరకు పోతుంది. మూత నుంచి, పక్క గోడ నుంచి, రెండో వైపు షీల్డు నుంచి కనీసం 15 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి.

గాలి విషయంలో పిసినారితనం పనికిరాదు. రేడియేటర్ రెక్కలు ఏ దిశలో ఉన్నాయో చూసి, ఆ సందుల్లోంచి గాలి పారేలా ఫ్యాన్ తిప్పండి. చుట్టుపక్కల నుంచి జారిపోయే గాలి వల్ల ప్రయోజనం లేదు. అందుకే రెండు ట్యూబులకూ పక్కన వేడి తట్టుకునే రేకుతో చిన్న దారి కట్టండి. కింది సిరామిక్ వైపు కూడా కాస్త గాలి తగలాలి. ఆపేశాక అయిదు నిమిషాలు ఫ్యాన్ తిరిగేలా చేస్తే ఇంకా మంచిది.

ఇన్‌పుట్, రిలే

ఇన్‌పుట్ ట్యూన్డ్ సర్క్యూట్లు పాత ట్యూబులకు సర్ది ఉంటాయి. రిగ్‌కు, లీనియర్‌కు మధ్య ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పేది) పెట్టి, ఒక్కో బ్యాండులో కాయిల్ స్లగ్ తిప్పి సర్దండి. 1.5 లోపు వస్తే చాలు. ఏదైనా బ్యాండులో స్లగ్‌తో దిగిరాకపోతే ఆ బ్యాండు కండెన్సర్ విలువ మార్చాలి.

ఈ కాలపు యాంప్లిఫయర్లలో రిలే జాక్ మీద 100 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. నేటి రిగ్‌ల కీయింగ్ ట్రాన్సిస్టర్ దాన్ని భరించలేదు, ఒక్క దెబ్బకు పోతుంది. 12 వోల్టుల చిన్న రిలేనో, ఆప్టో-కప్లర్ సర్క్యూటో మధ్యలో పెట్టండి. స్విచ్ వేసినప్పుడు వచ్చే ఇన్‌రష్‌ను తగ్గించే సాఫ్ట్ స్టార్ట్ కూడా మూత తెరిచి ఉండగానే కలిపేయండి.

మొదటిసారి ఆన్ చేయడం

ట్యూబులు దశాబ్దాలుగా డబ్బాల్లో పడున్నాయి. లోపల కాస్త గ్యాస్ చేరి ఉంటుంది. ముందు హై వోల్టేజ్ లేకుండా హీటర్, ఫ్యాన్ మాత్రం ఇచ్చి, ఒక రోజు మొత్తం వెలగనివ్వండి. తొందరపడితే ఫ్లాష్ ఖాయం. ఆ తర్వాత హీటర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను నేరుగా మెయిన్స్ మీదే ఉంచి, హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు వోల్టేజ్‌ను వేరియాక్ (వోల్టేజ్ సర్దే ట్రాన్స్‌ఫార్మర్) ద్వారా నిదానంగా పెంచండి. 500 వోల్టుల చొప్పున ఎక్కించి, ప్రతి చోటా పావుగంట ఆగండి. చిటపట శబ్దం వినిపిస్తే ఒక మెట్టు దించి ఇంకాసేపు ఉంచండి.

పూర్తి వోల్టేజ్ వచ్చాక, యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మింగే రెసిస్టర్) పెట్టి, డ్రైవ్ లేకుండా కీ చేయండి, అంటే ట్రాన్స్‌మిట్‌లో పెట్టండి. బయాస్ ప్రీసెట్ ఎక్కువ వోల్టేజ్ వైపు ఉంచి మొదలుపెట్టి, రెండు ట్యూబులకు కలిపి 60 నుంచి 80 మిల్లీఆంపియర్ల ఐడిల్ వచ్చేదాకా దించండి. 2,400 వోల్టుల దగ్గర 70 మిల్లీఆంపియర్లంటే ఊరికే కీ నొక్కి ఉంచినా 168 వాట్ల వేడి, అందుకే ఇంకా పెంచొద్దు. ఇప్పుడు అసలు పరీక్ష. డ్రైవ్ లేకుండానే ప్రతి బ్యాండులో ట్యూన్, లోడ్ నాబులను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ప్లేట్ కరెంట్ కదలకూడదు, గ్రిడ్ కరెంట్ సున్నాలోనే ఉండాలి. ముల్లు ఎక్కడైనా ఉలిక్కిపడితే ట్యూబు ఆసిలేట్ అవుతున్నట్టే. అలాంటప్పుడు గ్రిడ్ ప్లేటు స్క్రూలు, సప్రెసర్ చూడండి. అది తేలకుండా ముందుకు వెళ్లొద్దు.

ఇది దాటాక 40 మీటర్లలో 10 వాట్ల డ్రైవ్‌తో ప్లేట్ కరెంట్ డిప్ (ట్యూన్ నాబు తిప్పుతుంటే కరెంట్ బాగా దిగే చోటు) పట్టుకోండి, అవుట్‌పుట్ పెరిగేలా లోడ్ సర్దండి, మళ్లీ డిప్, మళ్లీ లోడ్. డ్రైవ్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ ఇదే వరస. ఒక్కో ట్యూబుకు 250 నుంచి 300 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగండి, ఎస్‌బి-200 అయితే మొత్తం 500 దాటనివ్వకండి. మీ లైసెన్స్ అనుమతించే హద్దు అంతకంటే తక్కువైతే అక్కడే ఆపాలి. పాత ట్యూబులకు 100 వాట్ల డ్రైవ్ ఇచ్చే అలవాటును ఇక్కడికి తీసుకురావద్దు. 3-500జెడ్ గ్రిడ్ 20 వాట్లు తట్టుకునేది, దీని గ్రిడ్ 7 వాట్లదే. గ్రిడ్ కరెంట్ అమాంతం ఎక్కుతూ అవుట్‌పుట్ పెరగడం లేదంటే, డ్రైవ్ ఎక్కువైందనో లోడింగ్ చాలలేదనో అర్థం. వెంటనే తగ్గించండి.

తర్వాత 10 మీటర్లకు వెళ్లండి. తేడా ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. ఒక పది నిమిషాలు మాట్లాడినట్టే వాడి, ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, డిశ్చార్జ్ చేసి, మూత తీసి సప్రెసర్ రెసిస్టర్ రంగు మారిందేమో చూడండి. వేడికీ చల్లదనానికీ గ్రిడ్ రింగు, ప్లేట్ పట్టీ స్క్రూలు కాస్త వదులవుతాయి. వారం వాడాక అదే జాగ్రత్తతో మళ్లీ తెరిచి వాటిని బిగించండి, ఐడిల్ కరెంట్ ఎక్కడికైనా జరిగితే ప్రీసెట్‌తో సర్దండి.